టర్బో సీలో నడిచింది, ఉబుంటులో సెగ్మెంటేషన్ ఫాల్ట్! ఎందుకు?

ప్రశ్న (మడివాల పీజీ):
అన్నలూ, బెంగళూరులో ఎంబెడెడ్ కోర్సులో చేరాను. సీలో చార్ *పి అని పాయింటర్ పెట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో మడివాల అని ఇచ్చాను. పి[0]లో చిన్న ఎం తీసి పెద్ద ఎం పెట్టబోతే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ప్రోగ్రామ్ ఆగిపోతోంది. కంపైలర్ ఒక్క వార్నింగ్ కూడా ఇవ్వలేదు. మా ఊళ్లో కాలేజీ ల్యాబ్‌లో, టర్బో సీలో ఇలాంటివి హాయిగా నడిచేవి. రేపే టెస్ట్, టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఫర్మ్‌వేర్ అన్న):
తమ్ముడూ, టర్బో సీ డాస్ కాలం నాటి కంపైలర్. డాస్ రియల్ మోడ్‌లో మెమరీకి కాపలా లేదు, ఎవరు ఏ బైట్ మీద రాసినా అడిగే నాథుడు లేడు. నీ ఉబుంటు లైనక్సే, అందులో జీసీసీ కంపైలర్ ఆ అక్షరాల్ని రోడేటా అనే, మార్చకూడని డేటా ఉండే సెక్షన్‌లో పెడుతుంది. మెమరీలో ఆ పేజీలు చదవడానికే. నీ పి దగ్గర ఉన్నది ఆ చోటి అడ్రస్ మాత్రమే. అక్కడ రాయబోతే ప్రాసెసర్ అడ్డుకుంటుంది, కెర్నల్ సిగ్‌సెగ్‌వీ అనే సిగ్నల్ పంపుతుంది, నీకొచ్చిన సెగ్మెంటేషన్ ఫాల్ట్ అదే.

చార్ పి[] అని రాస్తే అక్షరాలు నీ సొంత అర్రేలోకి కాపీ అవుతాయి, ఇష్టమొచ్చినట్టు మార్చుకో. సైజాఫ్ వేసి ఎన్ని బైట్లో చూడు: అర్రేకి 9, అంటే 8 అక్షరాలు, చివర సున్నా. పాయింటర్‌కి 8 వస్తుంది, అది 64 బిట్ అడ్రస్ సైజు. మడివాల తీసేసి బీటీఎం అని పొట్టి మాట పెట్టినా ఆ 8 మారదు.

వార్నింగ్ ఎందుకు రాలేదంటే, సీలో లిటరల్ (కోట్స్‌లో రాసిన స్ట్రింగ్) టైప్‌కి కాన్‌స్ట్, అంటే మార్చకూడదు అనే గుర్తు, లేదు. పాత కోడ్ పాడవకూడదని అలా ఉంచారు. సీ ప్లస్ ప్లస్‌లో ఉంది. మామూలు వార్నింగులు చూపించే వాల్ (-Wall) ఆప్షన్ కూడా దీన్ని పట్టదు, రైట్-స్ట్రింగ్స్ (-Wwrite-strings) వార్నింగ్ విడిగా పెట్టుకోవాలి. అసలు 1989 స్టాండర్డ్ నుంచీ లిటరల్‌ని మార్చడం అన్‌డిఫైన్డే, అంటే ఏం జరుగుతుందో స్టాండర్డ్ చెప్పదు. క్రాష్ అయి తీరాలనీ లేదు, అదే పెద్ద తలనొప్పి.

మరో జవాబు:
స్ట్రింగ్‌ని ముక్కలు చేసే స్ట్ర్‌టాక్ ఫంక్షన్‌కి ఆ పి లాంటి పాయింటర్ ఇవ్వకు. కామా దగ్గర విడగొట్టమంటే, అది కామా ఉన్నచోట సున్నా రాస్తుంది. మళ్లీ అదే ఫాల్ట్, కానీ నీ కోడ్‌లో ఎక్కడా రాసినట్టు కనపడదు.

ప్రశ్న అడిగినతను:
అర్రే పెట్టాను, నడిచింది అన్నా! దాని చివర స్ట్ర్‌క్యాట్‌తో చెరువు అని కలపొచ్చా?

ఫర్మ్‌వేర్ అన్న:
ఆ 9 బైట్లలో చోటెక్కడిది? చార్ పి[32] అని పెట్టి కలుపు. లేకపోతే ఒక్కోసారి క్రాష్ కూడా కాకుండా పక్క వేరియబుల్‌ని తినేస్తుంది, రేపు టెస్ట్‌లో అది దొరక్క చస్తావు.