చెన్నైలో అమ్మ షుగర్‌కి ముందు ఎక్కడ చూపించాలి?

మేం పెరంబూరులో ఉంటాం. అమ్మకు 72 ఏళ్లు, షుగరూ బీపీ ఉన్నాయి. ఆయుష్మాన్ కార్డులో ఏడాదికి 5 లక్షల దాకా వస్తుంది కానీ, ఆస్పత్రిలో చేరితేనే. నెలనెలా మాత్రలు మా జేబులోంచే కొంటున్నాం. మొన్న చూస్తే అమ్మ మాత్రలు సగానికి విరిచి పాత స్వీట్ డబ్బాలో దాచుకుంటోంది, నెలాఖరు దాకా సరిపోవాలని. కడుపు తరుక్కుపోయింది. అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని కూడా అంటోంది.

ప్రైవేటు స్పెషలిస్టు దగ్గరికి పరుగెత్తకుండా, ముందు కార్పొరేషన్ హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్తే కాళ్లు చూసి, అవసరమైతే పెద్దాసుపత్రికి రాసిస్తారా? 2021లో తమిళనాడు ప్రభుత్వం మొదలుపెట్టిన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం కింద మాత్రలు ఇంటికే తెచ్చిస్తారు కదా, పేరు ఎక్కడ రాయించాలి? అమ్మకు తమిళం అంతంతమాత్రం. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.