జిల్లా దాటని పేరున్నవారి జీవితవ్యాసాలను వికీపీడియాలో ఉంచవచ్చా?

ప్రశ్న (తిరుపతి నుంచి)

అందరికీ నమస్కారం. తెలుగు వికీపీడియాలో పాత చిత్తూరు జిల్లాకు చెందిన వ్యాసాలను సరిచూస్తూ, జీవించి ఉన్న ముగ్గురు వ్యక్తుల పేజీల దగ్గర ఆగిపోయాను. వారి పేర్లు ఇక్కడ రాయడం భావ్యం కాదు గనుక వివరం మాత్రమే చెబుతాను. మొదటి పేజీ, మన పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారత ఉత్సవాల్లో దశాబ్దాలుగా హరికథ చెబుతున్న ఒక పెద్దాయన గురించినది. దానికి మూలాలుగా ఇచ్చినవి రెండు జిల్లా ఎడిషన్ వార్తలు మాత్రమే. రెండవది ఒక కవిగారి పేజీ. పుస్తకాలన్నీ ఆయనే అచ్చు వేయించుకున్నారు, పేజీలో సగం బిరుదులూ సన్మానాలే. మూడవది ఒక చిన్న ఉద్యోగి పేజీ. ఏదో కేసులో ఆయనను అరెస్టు చేశారన్న వార్త తప్ప అందులో ఆయన జీవితం గురించి ఇంకేమీ లేదు.

విషయ ప్రాముఖ్యత నియమాన్ని (స్వతంత్ర మూలాల్లో విపులంగా రాసిన విషయాలకే పేజీ ఉండాలన్న నియమాన్ని) అక్షరాలా పాటిస్తే ఈ మూడింటినీ తొలగించాలి. పత్రికలో పేరు వచ్చింది కదా అని సడలిస్తే మూడింటినీ ఉంచాలి. రెండూ నాకు న్యాయంగా తోచడం లేదు. మొదటి పేజీని తీసేస్తే ఆ హరికథకుని గురించి తెలుగులో వెతికేవారికి దాదాపు ఏమీ దొరకదు. మూడవదాన్ని ఉంచితే, ఆ ఉద్యోగి పేరు వెతికే ప్రతి ఒక్కరికీ, రేపు ఆయన పిల్లలకు సంబంధాలు చూడబోయేవారితో సహా, ముందుగా కనబడేది ఆ అరెస్టే. వీటిని ఏ ప్రాతిపదికపై వేరు చేయాలో అనుభవజ్ఞులు చెప్పాలని కోరుతున్నాను.

మొదటి సమాధానం (చిత్తూరు నుంచి)

మూడవ పేజీని తొలగించాలని ప్రతిపాదించడానికి మీరు ఎవరి కోసమూ ఎదురుచూడనక్కరలేదు. అరెస్టు అయిన రోజున ఫొటోతో సహా వార్త వస్తుంది. ఆ కేసు కోర్టులో ఏళ్ల తరబడి నడిచి చివరికి కొట్టివేస్తే, ఆ సంగతి రాయడానికి చాలాసార్లు ఏ విలేకరీ ఉండడు. అందువల్ల మూలం నమ్మదగినదే అయినా, దాని మీద కట్టిన జీవితవ్యాసం సగం నిజంగానే మిగిలిపోతుంది, ఆ సగాన్ని పూరించడానికి మనకు వేరే మూలం దొరకదు. ఒకే ఒక్క సంఘటన వల్ల వార్తల్లోకి వచ్చిన సామాన్యులకు విడిగా జీవితవ్యాసం పెట్టకపోవడమే మేలని ఆంగ్ల వికీపీడియా విధానం కూడా చెబుతుంది. 2005లో అమెరికా పాత్రికేయుడు జాన్ సీగెంథాలర్ పేజీలో, ఆయనకు కెన్నెడీ సోదరుల హత్యలతో సంబంధం ఉందన్న అనుమానాలు ఉండేవంటూ ఎవరో రాసిన అబద్ధం నాలుగు నెలలకు పైగా అలాగే ఉండిపోయింది. ఆయనకు పెద్ద పత్రికలో వ్యాసం రాసి నిలదీయగల స్థాయి ఉంది. మీరు చెబుతున్న ఉద్యోగికి, వ్యాసంపై అభ్యంతరాలు రాయడానికి చర్చాపేజీ అనేది ఒకటుందని కూడా తెలిసి ఉండకపోవచ్చు.

ఇంకొక సంగతి కూడా ఆలోచించాలి. ఆంగ్లంలో ఒక పేజీని గమనించేవారు వందల్లో ఉండవచ్చు. తెలుగులో చురుకుగా రాసేవారే తక్కువ, ఎవరి వీక్షణ జాబితాలోనూ (మార్పులు జరిగితే తెలిసేలా ఎంచుకున్న పేజీల జాబితాలో) లేని పేజీలు ఎన్నో ఉన్నాయి. బతికి ఉన్న మనిషి పేజీ సృష్టించడమంటే దానిని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉంటామని ఒప్పుకోవడమే. ఆ ఓపిక లేనప్పుడు సృష్టించకపోవడమే మర్యాద.

నేను పాటించే పరీక్ష ఇది. ఆ వ్యక్తితో బంధుత్వం గానీ ప్రయోజనం గానీ లేనివారు ఒకటికంటే ఎక్కువ సందర్భాల్లో ఆయన గురించి కాస్త విపులంగా రాశారా, ఆ రాతలను బట్టి ఆయన జీవితాన్ని ఒక పక్కకు ఒరగకుండా చెప్పగలమా? కవిగారి పేజీ ఈ పరీక్షకు నిలవదు. రుసుము తీసుకుని గౌరవ డాక్టరేట్లు పంచే సంస్థలు ఉన్నాయని మనకందరికీ తెలుసు, అటువంటి బిరుదులు ఎన్ని చేర్చినా ప్రాముఖ్యత రాదు. ఆయన కవిత్వంపై వేరే ఎవరైనా సమీక్ష రాసి ఉంటే దానిని తప్పక చూడాలి. హరికథకుని పేజీకి కూడా రెండు చిన్న వార్తలు చాలవనే నా అభిప్రాయం.

రెండవ సమాధానం (శ్రీకాళహస్తి నుంచి)

మూడవ పేజీ విషయంలో పై మిత్రులతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. హరికథకుని విషయంలో మాత్రం ఏకీభవించలేను. మా ఊరి కలంకారీ కళాకారులు జొన్నలగడ్డ గుర్రప్పచెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఆ తరువాత ఆయన ప్రాముఖ్యతను ఎవరూ ప్రశ్నించలేరు, కానీ ఆ పురస్కారానికి కారణమైన పని అంతా అంతకు ముందే జరిగింది. డోనా స్ట్రిక్‌ల్యాండ్ గారికి 2018లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించేనాటికి ఆంగ్ల వికీపీడియాలో ఆమెకు పేజీ లేదు. అదే ఏడాది ఎవరో పంపిన చిత్తుప్రతిని మూలాలు చాలవని తిరస్కరించారు. ప్రాముఖ్యత లేకపోవడం వేరు, ప్రాముఖ్యతను అచ్చులో నమోదు చేసేవారు లేకపోవడం వేరు. మన ప్రాంతపు కళల్లో చాలావరకు ఈ రెండవ కోవకే చెందుతాయి. పద్దెనిమిది రోజుల భారతంలో పగటి కథనూ రాత్రి నాటకాన్నీ చుట్టుపక్కల ఊళ్లవారు వచ్చి వింటారు, చూస్తారు, అర్జునుడు తపస్సుమాను (ఉత్సవానికి నాటే ఎత్తైన స్తంభం) ఎక్కే రోజున నేల ఈనినట్టు జనం వస్తారు. వారిలో సమీక్ష రాసేవారు ఎవరు?

2011లో పరిశోధకులు అచల్ ప్రభల గారు మలయాళం, హిందీ భాషల్లోనూ దక్షిణాఫ్రికాలోని సెపెడీ భాషలోనూ మౌఖిక ఆధారాలను నమోదు చేసి వికీపీడియాలో ఉదహరించే ప్రయత్నం చేశారు. అది అందరూ అంగీకరించిన పద్ధతి కాలేదు. అయినా, అచ్చులో లేనిదంతా లేనట్టే భావించడం తెలుగు వంటి భాషకు ఎంత నష్టమో ఆ ప్రయత్నం స్పష్టం చేసింది. తొలగింపు మూస (పేజీపై పెట్టే సూచన పట్టీ) పెట్టే ముందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనూ, కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయంలోనూ జానపద కళలపై వచ్చిన సిద్ధాంతగ్రంథాలను ఎవరైనా చూడాలి. అటువంటి గ్రంథంలో ఆయనపై నాలుగు పేజీలు ఉన్నా, అవి పది సన్మాన వార్తల కన్నా మేలు.

మూడవ సమాధానం (కుప్పం నుంచి)

ఇక్కడి విశ్వవిద్యాలయంలో సిద్ధాంతగ్రంథాలను నేను వెతుకుతాను. అవి దొరికేలోగా హరికథకుని పేజీని చెరిపివేయకుండా, ఆ సమాచారాన్ని చిత్తూరు ప్రాంతపు భారత ఉత్సవాల గురించిన వ్యాసంలో ఒక విభాగంగా విలీనం చేసి, ఆయన పేరు వెతికినవారు అక్కడికి చేరేలా దారిమార్పు ఇవ్వవచ్చు. పాత కూర్పు చరిత్రలో భద్రంగా ఉంటుంది, మూలాలు దొరికిన రోజున మళ్లీ విడి పేజీ చేయవచ్చు. ఆ విభాగంలో ఆయన ఇంటి చిరునామా, ఆరోగ్యం, కుటుంబ వివరాలు ఉండకూడదు, ఆయన కథ గురించి మాత్రమే ఉండాలి. వీలైతే ఆయనను కలిసి, ఇలా ఒక పేజీ ఉందని చెప్పి, ఆయనకు ఇష్టమో కాదో తెలుసుకోండి. అంతగా పేరులేని వ్యక్తి తన పేజీని తీసివేయమని కోరినప్పుడు, చర్చలో ఏకాభిప్రాయం కుదరకపోతే తొలగింపు వైపు మొగ్గవచ్చునని ఆంగ్ల వికీపీడియాలో నియమం ఉంది. మనం దానిని ఇంకా గట్టిగా పాటించాలని నా కోరిక.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. ఉద్యోగి పేజీలోని అరెస్టు వాక్యాలను ఈ రోజే తీసివేసి, పేజీని తొలగింపుకు ప్రతిపాదిస్తాను. చర్చలో ఆయన పేరును మళ్లీ మళ్లీ రాయకుండా ఉండాలని నిర్వాహకులను కోరతాను. కవిగారి పేజీకి వారం గడువు ఇచ్చి, స్వతంత్ర సమీక్షలు ఉంటే చూపమని చర్చాపేజీలో అడుగుతాను. హరికథకుని పేజీని విలీనం చేయడానికి మాత్రం నాకు ఇంకా మనసు ఒప్పడం లేదు. తిరుమల శాసనాలను చదివి అచ్చులోకి తెచ్చిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారి పని దేవస్థానం సంపుటాల్లో ఉంది గనుక ఆయన గురించి ఈనాడు ధైర్యంగా రాయగలుగుతున్నాం. నోటితో చెప్పిన కథకు అటువంటి సంపుటం లేదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో వెతికే పని నాది. కుప్పంలో ఏమైనా దొరికితే పుటసంఖ్యతో సహా ఇక్కడే రాయండి, అప్పటివరకు పేజీపై మూలాలు కావాలన్న మూస మాత్రమే ఉంచుతాను.