అప్‌డేట్: చుట్టాల గదుల రాత్రులు నా లెక్కలోకి రాలేదు

చెన్నైలో మేనకోడలి పెళ్ళికి తిరుపతి నుంచి మూడు కుటుంబాలుగా వెళ్తున్నామని, హయత్ హోటళ్ళ లాయల్టీ పథకమైన వరల్డ్ ఆఫ్ హయత్‌లో సభ్యుడినైన నేను అక్కడి హయత్‌లో మూడు గదులూ నా పేరుతో తీసుకుంటే ఆ రాత్రులన్నీ నా ఖాతాలో చేరుతాయా అని లోగడ అడిగాను. చేరవని చెప్పినవారి మాటే నిజమైంది.

రెండు రాత్రులకు మూడు గదుల బిల్లూ నేనే చెల్లించి, ఒక గదిలో నేనే బస చేశాను కాబట్టి పాయింట్లు మూడింటికీ వచ్చాయి గానీ, హోదాకు లెక్కించే రాత్రులు ఆరు కాదు, రెండే. డిస్కవరిస్ట్ హోదాకు 10, దాని పై మెట్లైన ఎక్స్‌ప్లోరిస్ట్‌కు 30, గ్లోబలిస్ట్‌కు 60 రాత్రులు కావలసిన చోట, ఏడాదికి నాలుగైదు ప్రయాణాలు చేసే నాబోటివాడు చుట్టాల గదులతో ఆ మెట్లెక్కాలనుకోవడం అత్యాశే.

మేలు మరో దారిలో జరిగింది. ఉద్యోగరీత్యా నిత్యం తిరిగే మా బావగారు గ్లోబలిస్ట్. తన హోదా సౌకర్యాలను ఒక బసకు మరొకరికి ఇచ్చే గెస్ట్ ఆఫ్ ఆనర్ అవార్డును ఆయన మా నాన్నగారి ఖాతాకు బదిలీ చేయగా, తరువాతి వారం కంటి పరీక్షకు మళ్ళీ చెన్నై వెళ్ళిన అమ్మానాన్నలకు ఆ హోదా సౌకర్యాలు ఆ బసకు వర్తించాయి. ఉదయపు టిఫిన్‌కు డబ్బు తీసుకోలేదు. గదిని సాయంత్రం నాలుగు వరకు ఉంచుకోనిచ్చారు. బయటి తిండికి ఖర్చెందుకని అమ్మ స్టీలు డబ్బాలో కట్టుకెళ్ళిన పులిహోర మూత తీయకుండానే తిరుపతికి తిరిగివచ్చింది.