పాత స్టీల్ లాంచీ కొంటున్నాం, పైడెక్కు తర్వాత కట్టారు. ఉన్న సర్వే సర్టిఫికెట్ పనికొస్తుందా?

కృష్ణాతీరం

హైదరాబాద్ నుంచి అడుగుతున్నా. సోమశిల దగ్గర శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో తిప్పడానికి మా రిసార్ట్ తరఫున ఒక పాత స్టీల్ లాంచీ చూశాం. వేరే రాష్ట్రంలో రిజిస్టరై ఉంది. పొడవు 18 మీటర్లు, వెడల్పు 4.4, ఒకటే డీజిల్ ఇంజిను. అడుగు ప్లేటు డ్రాయింగులో 6 మి.మీ. సర్వే సర్టిఫికెట్‌కి (లాంచీని తనిఖీ చేసి నడపొచ్చని ఇచ్చే కాగితం) ఇంకా 5 నెలల గడువుంది, అందులో 40 మంది ప్యాసింజర్లని రాసుంది.

చిక్కేంటంటే, ఆ సర్వే అయ్యాక పైన ఇనుప చట్రంతో డెక్కు వేసి రేకుల కప్పు కట్టారు. వెనకవైపు చిన్న వంటగది కూడా పెట్టారు. బ్రోకరేమో "కాగితం ఉంది కదా, పేరు మార్చుకుని నడుపుకోండి" అంటున్నాడు. అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు. ఏ వరుసలో ఏమేం చూపించుకోవాలి? హైదరాబాద్‌లో దొరికే టెస్టింగ్ వాళ్లతో అయ్యే పనులేవి? తెలిసిన అన్నలు జర వివరంగా చెప్పండి.

మెటాసెంటర్

ముందు కాగితం సంగతి. ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం 2021 వచ్చాక 1917 నాటి పాత చట్టం పోయింది, కొత్తది 2022 జూన్ 7 నుంచి అమల్లో ఉంది. దీని కింద ఒక రాష్ట్రంలో ఇచ్చిన రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతాయి. కాబట్టి "వేరే రాష్ట్రం బండి" అన్నది మీకు అడ్డు కాదు. పైడెక్కే అడ్డు. బలం మీదా స్థిరత్వం మీదా ప్రభావం చూపే మార్పు ఏది చేసినా అథారిటీ అనుమతి తీసుకోవాలి. ఆ సర్టిఫికెట్‌లోని 40 పైడెక్కు లేని లాంచీకి ఇచ్చిన సంఖ్య. ఇప్పుడు రేవులో ఉన్నది ఆ లాంచీ కాదు. పేరు మార్పు చేయించుకున్నంత మాత్రాన మీ చేతికి చెల్లే సర్టిఫికెట్ వచ్చినట్టు కాదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొట్టమొదట అడిగేదీ ఇదే. 2023 మే 7న కేరళ తానూర్‌లో 22 మంది ప్రాణాలు తీసిన పడవ కూడా చేపల పడవను మార్చి కట్టిందే.

ఇప్పుడు లెక్క. ఇంక్లైనింగ్ టెస్ట్ (బరువులు పక్కకి జరిపి లాంచీ ఎంత ఒరుగుతుందో చూసే పరీక్ష) చేయించకుండా ఈ లాంచీకి ఎంతమంది అన్నది ఎవరూ చెప్పలేరు. కుర్చీలు లెక్కపెట్టి చెప్పేది కాదిది. పద్ధతి ఇలా ఉంటుంది:

గాలి లేని తెల్లవారుజామున, నీళ్లు కదలని చోట కట్టండి. మోకులు వదులుగా ఉండాలి, అడుగు నేలకు తగలకూడదు. బిల్జ్‌లో, అంటే లాంచీ అట్టడుగు ఖాళీలో, నిలిచిన నీళ్లు పూర్తిగా తోడేయాలి. డీజిల్, నీళ్ల ట్యాంకులు నిండా నింపండి, లేదంటే ఖాళీ చేయండి. సగం సగం మాత్రం వద్దు. ముందు, మధ్య, వెనక, రెండు పక్కలా డ్రాఫ్ట్ (లాంచీ నీళ్లలో ఎంత లోతు మునిగిందన్నది) కొలిస్తే మొత్తం బరువు వస్తుంది. 50 కిలోల ఇసుక బస్తాలు 16 తీసుకోండి, మధ్యగీతకు 1.8 మీటర్ల దూరంలో ఒక్కో పక్క 8 పేర్చండి. ఇసుకలో తడి మారుతుంది కాబట్టి ముద్ర వేసిన కాటా మీద ఆ పొద్దుటే తూచాలి. నీళ్ల డ్రమ్ములు వాడొద్దు, లోపల నీళ్లు కదిలి లెక్కంతా చెడగొడతాయి. పైడెక్కు నుంచి కింది దాకా 3 మీటర్ల దారానికి గుండు కట్టి, ఆ గుండును నూనె బకెట్‌లో ముంచితే ఊగడం ఆగుతుంది. బస్తాలు మెల్లగా అటూ ఇటూ మారుస్తూ ప్రతిసారీ దారం ఎంత జరిగిందో స్కేలు మీద రాసుకోవాలి. లాంచీ మీద అవసరమైన నలుగురైదుగురే ఉండాలి, గుర్తు పెట్టిన చోటే నిలబడాలి.

మీ కొలతల లాంచీకి ఒక ఉదాహరణ చూద్దాం. ఖాళీ బరువు 30 టన్నులు అనుకోండి. 8 బస్తాలు, అంటే 0.4 టన్ను, 3.6 మీటర్లు జరిపితే దారం 160 మి.మీ. కదిలిందనుకుందాం. 160ని 3000తో భాగిస్తే 0.0533, అంటే సుమారు 3 డిగ్రీల ఒరుగు. టెస్ట్‌లో ఒరుగు 1 నుంచి 4 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. జీఎం అంటే స్థిరత్వానికి కొలత, ఎంత ఎక్కువుంటే లాంచీ అంత తక్కువ ఒరుగుతుంది. జీఎం = (0.4 × 3.6) ÷ (30 × 0.0533) = 0.90 మీటర్లు. వినడానికి బాగానే ఉంది కదా?

ఇప్పుడు 40 మందినీ పైకి ఎక్కించండి. మనిషికి 75 కిలోల చొప్పున 3 టన్నులు. వాళ్ల బరువు కేంద్రం లాంచీ కేంద్రానికి 2.5 మీటర్లు పైన ఉంటే జీఎం దాదాపు 0.23 తగ్గి 0.67కి దిగుతుంది. ఫోటో కోసం అందరూ ఒక పక్కకి 1.5 మీటర్లు జరిగారా, ఒరుగు 11.5 డిగ్రీలు. ఐఎంఓ (అంతర్జాతీయ నౌకాయాన సంస్థ) 2008 స్టెబిలిటీ కోడ్‌లో ప్యాసింజర్లు ఒక పక్కకి చేరినప్పుడు 10 డిగ్రీలు దాటకూడదని ఉంది. 4.4 మీటర్ల వెడల్పులో 11.5 డిగ్రీలంటే ఒక అంచు 45 సెంటీమీటర్లు కిందికి దిగినట్టు. నిండా ఎక్కాక ఫ్రీబోర్డు (నీటి మీద నుంచి అంచు దాకా ఎత్తు) 60 సెం.మీ. ఉంటే మిగిలేది 15. పక్క నుంచి స్పీడ్‌బోటు పోతే లేచే అలకే నీళ్లు లోపలికొస్తాయి.

అదే లాంచీలో మొత్తం 30 మందిని, పైన 12కి మించకుండా తీసుకెళ్తే ఒరుగు 7.5 డిగ్రీల దగ్గర ఆగుతుంది, అంచు 29 సెం.మీ. దిగుతుంది. కాబట్టి కొత్త సర్టిఫికెట్‌లో మొత్తం సంఖ్యతో పాటు "పైడెక్కు మీద ఇంతమంది" అని విడిగా రాయించుకోండి, మెట్ల దగ్గర అదే సంఖ్య పెద్ద అక్షరాల్లో పెట్టండి. ఇది మోటు లెక్క. లాంచీ దిగిన కొద్దీ మారే అంకెలు ఇందులో వదిలేశాను, అసలు లెక్క నేవల్ ఆర్కిటెక్ట్ (ఓడల డిజైను ఇంజినీరు) కట్టాలి. పాత స్టెబిలిటీ బుక్‌లెట్ ఉంటే తప్పక అడిగి తీసుకోండి.

ప్లేటు_మందం

స్థిరత్వం గురించి పై అన్న చెప్పారు. నేను అడుగు గురించి చెప్తా, ఎందుకంటే ఇంక్లైనింగ్ చివర్లో చేసే పని. వరుస తప్పితే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది. ముందు గట్టుకి ఎక్కించి అడుగు చూడాలి. తర్వాత రిపేర్లు, మార్పులు. తర్వాత నీళ్లలో దింపి ఇంక్లైనింగ్. ఆఖర్న ట్రయల్. ఇంక్లైనింగ్ అయ్యాక జనరేటర్ మార్చినా, ఏసీ పెట్టినా ఆ అంకెలు పోయినట్టే.

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వైపు బాయిలర్లకూ ట్యాంకులకూ అల్ట్రాసోనిక్ థిక్‌నెస్ తీసేవాళ్లు, అంటే శబ్ద తరంగాలతో ప్లేటు మందం కొలిచేవాళ్లు, దొరుకుతారు. కొనే ముందు మీ సొంత తెలివిడికి వాళ్లు చాలు. సర్టిఫికెట్ కోసమైతే ఎవరి రిపోర్టు ఒప్పుకుంటారో సర్వేయర్‌ని ముందే అడగండి. లేకపోతే అదే పని మళ్లీ చేయించాలి.

ఎక్కడ కొలవాలంటే: నీటి గీత చుట్టూ ఒక జానెడు పట్టీ, ఇంజిను కింద, స్టెర్న్ ట్యూబ్ (వెనక ఫ్యాను షాఫ్టు బయటికి వెళ్లే గొట్టం) చుట్టూ, చుక్కాని పైన, డీజిల్ ట్యాంకు కింద, బాత్రూమ్ కింద. ఈ బాత్రూమ్ సంగతి వదలొద్దు. సిమెంటు పోసి టైల్స్ వేసుంటే రెండు టైల్స్ పగలగొట్టించి చూడాల్సిందే. సిమెంటుకీ ఇనుముకీ మధ్య తడి నిలిచి ప్లేటు పొరలు పొరలుగా లేచిపోతుంది, బయటి పెయింటు మాత్రం నిగనిగలాడుతుంటుంది. ప్లేటుకి 5 చోట్ల కొలవండి. 6 మి.మీ. ప్లేటు 4.8కి వచ్చిందంటే 20 శాతం పోయింది, ఆ దరిదాపుల్లో ఉన్నదాన్ని మార్చడం గురించి సర్వేయర్‌తో మాట్లాడాలి. అద్దకం ప్లేటు, అంటే పాత ప్లేటు మీదే ఇంకోటి వెల్డ్ చేసింది కనబడితే ధర అక్కడే తగ్గించండి. కింది ప్లేటు చెడిపోయే అలా కప్పుంటారు, రెండింటి మధ్యా తుప్పు పెరుగుతూనే ఉంటుంది. కోసి కొత్త ముక్క పెట్టడమే దానికి మందు.

ముందు గది గోడ, ఇంజిను గది గోడ నీళ్లు దూరకుండా ఉండాలి. వైర్లూ పైపులూ లాగేవాళ్లు వీటికి బొక్కలు వేసి అలాగే వదిలేస్తారు. లోపల దీపం ఆర్పి అవతలి నుంచి టార్చ్ కొట్టండి, వెలుతురు కనబడితే నీళ్లూ వస్తాయి. కొత్త వెల్డ్ అతుకులకి ఒక పక్క సుద్ద నీళ్లలో కలిపి పూసి ఆరనివ్వండి, రెండో పక్క కిరోసిన్ రాయండి. లీకు ఉంటే సుద్ద మీద నూనె మరక తేలుతుంది.

ఇంకోటి, ఆ లాంచీ ఉప్పునీళ్ల నుంచి వస్తే అడుగున జింక్ ఆనోడ్లు (ఉక్కుకి బదులు తాము కరిగి తుప్పు ఆపే ముక్కలు) ఉంటాయి. కృష్ణ మంచినీళ్లలో జింక్ సరిగా పనిచేయదు, పైన పొర కట్టి ఊరుకుంటుంది. మెగ్నీషియం ఆనోడ్లు వేయించండి. వాటి మీద పెయింటు పడకూడదు.

సరంగు_నోట్స్

లోపలి సామాను గురించి కొంచెం.

బిల్జ్ పంపు కరెంటుది ఒకటి, చేతిపంపు ఒకటి ఉండాలి. నీళ్లు పెరిగితే కూసే ఫ్లోట్ అలారం లాంచీ నడిపే సరంగు నిలబడే చోటే మోగాలి. బిల్జ్‌లో నీళ్ల వల్ల చేటు వాటి బరువుతోనే ఆగదు. 6 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పున పరుచుకుని అటూ ఇటూ కదులుతుంటే, పై అన్న చెప్పిన లెక్కలో జీఎం ఇంకో 24 సెంటీమీటర్లు పోతుంది. లోతు నాలుగు వేళ్లే కదా అనుకోవద్దు.

వంటగదిలో గ్యాస్ బండ లోపల ఉంటే కొత్త సర్టిఫికెట్ ఆశ వదులుకోండి. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేరుగా బిల్జ్‌లోకి దిగి స్టార్టర్ నిప్పురవ్వ కోసం కాచుకుని కూర్చుంటుంది. బండ బయట డెక్కు మీద, కింద గాలి పోయే పెట్టెలో పెట్టండి. అసలు వంట ఒడ్డున చేసి డబ్బాల్లో తీసుకెళ్లడం ఇంకా మేలు. డీజిల్ లైను ప్లాస్టిక్ గొట్టమైతే మార్చేయండి, ట్యాంకు వాల్వు ఇంజిను గది బయటి నుంచి మూసేలా ఉండాలి. పుట్టినరోజులకి డెక్కు మీద కాల్చే బాణసంచాకి ఒప్పుకోవద్దు. 2025 జనవరి 26 రాత్రి హుస్సేన్‌సాగర్‌లో పడవలు అంటుకున్నది అందరం చూశాం.

లైఫ్ జాకెట్లు మనిషికొకటి, పిల్లల సైజు విడిగా ఉండాలి. పెద్దల జాకెట్ పిల్లాడికి వేస్తే నీళ్లలో పడ్డాక జాకెట్ పైకి తేలుతుంది, పిల్లాడు కిందికి జారిపోతాడు. అందుకే కాళ్ల మధ్య పట్టీ ఉన్నవి కొనండి. 2024 జనవరి 18న వడోదర హర్ణి సరస్సులో 12 మంది విద్యార్థులు, ఇద్దరు టీచర్లు పోయారు, ఆ పడవలో అందరికీ జాకెట్లు లేవు. పాత జాకెట్ పరీక్షించాలంటే భుజం దగ్గర కుట్టును బొటనవేళ్లతో రెండు వైపులా లాగండి. ఎండకి మగ్గిన దారం పిటపిటమని తెగిపోతుంది. గుడ్డ కొత్తగా మెరుస్తుంటుంది, దారమే ముందు చస్తుంది. ఒకదాన్ని డ్రమ్ములో రాయి పెట్టి ఒక రోజంతా ముంచి తీయండి. బరువెక్కి, పిండితే నీళ్లు కారుతుంటే ఆ లాటంతా పక్కన పెట్టేయండి.

కృష్ణాతీరం

అందరికీ దండాలు. మొన్న లాంచీ దగ్గరికి థిక్‌నెస్ మీటర్‌తో ఒకతన్ని పంపాం. అడుగున 20 చోట్ల తీశాడు, అన్నీ 5.8 నుంచి 6.1 మధ్యే వచ్చాయి. పెయింటు గీకలేదు, జెల్ రాసి పైనుంచే తీశాడు. ఇక ప్లేటు గురించి దిగులు లేనట్టేనా?

ప్లేటు_మందం

ఆ అంకెలు నమ్మొద్దు అన్నా. 6 మి.మీ. ప్లేటు, అదీ పాత లాంచీకి, 6.1 చూపించిందంటేనే పెయింటు కూడా కలిసిందేమోనని అనుమానించాలి. శబ్దం ఉక్కులో సెకనుకు 5,900 మీటర్ల వేగంతో పోతుంది, పెయింటులో అందులో సగం కంటే తక్కువే. మీటరేమో అంతా ఉక్కే అనుకుని లెక్కేస్తుంది. అలా 0.6 మి.మీ. పెయింటు దాదాపు 1.4 మి.మీ. ఉక్కులా కనబడుతుంది. 5.9లోంచి అది తీసేస్తే మిగిలేది 4.5, అంటే పావు వంతు పోయిన ప్లేటు. పాత లాంచీల మీద ఏటా పూసిన పెయింటు 0.6 ఉండటం వింతేమీ కాదు.

అదే మనిషిని మళ్లీ పంపండి. మీటర్‌లో ఎకో-టు-ఎకో మోడ్ ఉంటే అందులో పెట్టమనండి, అది పెయింటుని వదిలేసి ఉక్కునే కొలుస్తుంది. అది లేని మీటరైతే ప్రతి చోటా రూపాయి బిళ్లంత మేర మెరిసే ఇనుము దాకా గీకి తీయాలి. మొదలుపెట్టే ముందు మందం తెలిసిన స్టీల్ ముక్క మీద పెట్టి చూపించమనండి. తుప్పు గుంటలు ఉన్నచోట ప్రోబ్ సరిగా ఆనదు, అక్కడ గుంట లోతు విడిగా డెప్త్ గేజ్‌తో కొలిచి రాయాలి. 20 చోట్లు చాలవు, 100 అయినా తీయించండి. ప్రతి అంకె డ్రాయింగు మీద అదే చోట రాసిస్తేనే డబ్బులివ్వండి.

మెటాసెంటర్

ఇంకొక్క మాట, ధర మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. ఒప్పందంలో "పైడెక్కుతో సహా కొత్త సర్వే సర్టిఫికెట్ వచ్చాకే మిగతా డబ్బు" అని రాయించండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే పైడెక్కు, కప్పు విప్పించి, పాత డ్రాయింగులో ఉన్నట్టే చేసివ్వమనండి. విప్పిన ఇనుము తూకం వేసి రాసుకోండి. చాలాసార్లు అమ్మేవాడు "అరటన్ను కూడా ఉండదు" అన్నది కాటా మీద టన్నున్నర తూగుతుంది. ఇక సోమశిలలో ఎండాకాలం నీళ్లు దిగితే సంగమేశ్వరం గుడి బయటపడేంత తేడా వస్తుంది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. ఏ మట్టం కంటే దిగితే లాంచీ ఆపేయాలో మీ డ్రాఫ్ట్‌ని బట్టి ఇప్పుడే నిర్ణయించి సరంగు చేతికి రాసివ్వండి. రాళ్లకి ఒకసారి అడుగు తగిలిందంటే మళ్లీ గట్టుకెక్కించి చూపించాకే ప్యాసింజర్లని ఎక్కించాలి.