6061 ఈక్యాప్: రెండో పాస్‌లో పగుళ్లు, ఏజింగ్ చేస్తే తగ్గిన హార్డ్‌నెస్

ప్రశ్న:
6061-టీ6 (వేడి చికిత్సతో ముందే గట్టిపరచిన అల్యూమినియం మిశ్రమం) రాడ్‌ని ఈక్యాప్ (వంపు తిరిగిన చానెల్ గుండా నొక్కి, మందం మారకుండా లోహాన్ని వికృతం చేసే పద్ధతి) చేస్తున్నాను. వ్యాసం 10 మి.మీ., పొడవు 60 మి.మీ. డై చానెల్ కోణం 90 డిగ్రీలు, బయటి మూల వంపు కోణం 20 డిగ్రీలు. గది ఉష్ణోగ్రత, మాలిబ్డినం డైసల్ఫైడ్ పేస్ట్, బీసీ రూట్ (ప్రతి పాస్‌కీ, అంటే డై గుండా ఒకసారి నొక్కాక, రాడ్‌ని ఒకే దిశలో 90 డిగ్రీలు తిప్పడం). రెండో పాస్‌లో పైముఖం చేప పొలుసుల్లా అడ్డంగా చీలుతోంది. చీలని ముక్కని 175 డిగ్రీల దగ్గర 8 గంటలు ఏజింగ్ (గట్టిపడేందుకు వేడిలో ఉంచడం) చేస్తే హార్డ్‌నెస్ పెరగకపోగా పడిపోయింది. తేడా ఎక్కడ?

జవాబు 1:
టీ6తో మొదలుపెట్టడమే. అవక్షేపాలు (మెగ్నీషియం, సిలికాన్‌తో ఏర్పడే అతి సన్నటి రేణువులు) నిండిన లోహంలో ఇంకా గట్టిపడే సత్తువ పెద్దగా మిగలదు. ఆ డైలో ఒక్కో పాస్‌కి స్ట్రెయిన్ (వికృతి) సుమారు 1.05. కోత (షియర్, అంటే లోహం పొరలు ఒకదానిపై ఒకటి జారడం) ఒకచోటే గుమిగూడి, లోపలి మూలకి రాసుకునే ముఖం ముందు చీలుతుంది.

అవక్షేపాలు కరిగేలా 530 డిగ్రీల్లో గంట ఉంచి, వెంటనే నీళ్లలో క్వెంచ్ చేసి, అదే పూట నొక్కండి. రాత్రంతా బల్ల మీద వదిలేస్తే సహజ ఏజింగ్‌తో (గది ఉష్ణోగ్రతలో దానంతటదే జరిగేది) గట్టిపడి మళ్లీ అదే గోల. ఆగక తప్పకపోతే ఫ్రీజర్‌లో పెట్టండి. ప్రతి పాస్ తర్వాత ముందు కొస వాలిపోయి ఉంటుంది, దాన్ని అరగదీయాలి. వెనక కొస మీద గీత పెట్టుకోకపోతే 90 డిగ్రీలు ఎటు తిప్పారో గుర్తుండదు, రూట్ పేరుకే బీసీ.

ఏజింగ్‌కి 100 డిగ్రీలు చాలు. డిస్‌లొకేషన్ల (నొక్కడంతో స్ఫటికంలో ఏర్పడే గీతల్లాంటి లోపాలు) వెంబడి మెగ్నీషియం, సిలికాన్ త్వరగా కదులుతాయి కాబట్టి 175 దగ్గర హార్డ్‌నెస్ శిఖరం ఎప్పుడో దాటిపోయి, అవక్షేపాలు ముతకబారతాయి, పైగా రికవరీ (వేడికి ఆ లోపాలు తగ్గి లోహం మెత్తబడడం). కొన్ని గంటలకోసారి కొలుస్తూ శిఖరం పట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
మొదటి పాస్‌కే హార్డ్‌నెస్ బాగా పెరిగి తర్వాత దాదాపు ఆగిపోతే, నాలుగు పాస్‌లు ఎందుకండీ?

జవాబు 2:
హార్డ్‌నెస్ ఒక్కటే చూస్తే అలాగే అనిపిస్తుంది. మొదటి పాస్‌లో పేరుకునేవి డిస్‌లొకేషన్లు. పాత గ్రెయిన్ (లోహంలోని స్ఫటిక రేణువు) పట్టీలుగా సాగి, లోపల 15 డిగ్రీల లోపు సరిహద్దులున్న సబ్‌గ్రెయిన్లు వస్తాయి. నాలుగు నుంచి ఎనిమిది పాస్‌లలో ఆ కోణాలు పెరిగి, అర మైక్రాన్ ప్రాంతంలో గుండ్రటి గ్రెయిన్లు ఏర్పడతాయి. ఆప్టికల్ మైక్రోస్కోప్‌లో ఇదేదీ తేలదు. ఈబీఎస్‌డీ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో గ్రెయిన్ల దిశలు కొలిచే పద్ధతి) అయితే స్టెప్ (కొలిచే బిందువుల మధ్య దూరం) 50 నానోమీటర్ల చుట్టూ పెట్టండి, పాలిష్ పొర పోయేలా ఎలక్ట్రోపాలిష్ తప్పనిసరి.

హార్డ్‌నెస్ కొలత రాడ్‌ని నిలువుగా కోసిన ముఖం మీద, పైనుంచి కిందికి తీయండి. బయటి మూల వైపు కోత తక్కువ పడుతుంది, అందుకే అడుగు మెత్తగా కనిపిస్తుంది. మధ్యలో ఒకేచోట కొట్టిన విక్కర్స్ (హార్డ్‌నెస్ పరీక్ష) అంకె దీన్ని దాచేస్తుంది.