యావరేజ్ ఎక్కువ, 180లు ఎక్కువ, అయినా ఓడిపోయాడు. ఎలా?

రాత్రిపక్షి:
డార్ట్స్ గురించి నాకు తెలిసింది తక్కువే. 501 నుంచి తీసేసుకుంటూ సున్నాకి రావాలి, ఆఖరి డార్ట్ డబుల్‌లో (బోర్డు అంచున ఉండే సన్నటి వలయం, అక్కడ పాయింట్లు రెట్టింపు) పడాలి. 2024లో ల్యూక్ లిట్లర్ పదహారేళ్లకే ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్‌కి వచ్చాడని అందరూ గోల చేస్తుంటే, ఏంటో చూద్దామని మొదలుపెట్టా. అప్పట్నుంచి డిసెంబర్ వస్తే నిద్ర లేదు.

మొన్న ఆ చాంపియన్‌షిప్ జరిగే లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్ మ్యాచ్ ఒకటి రికార్డింగ్ చూశా. మొదటి రౌండు, ముందు మూడు సెట్లు గెలిచినవాడిదే మ్యాచ్. నేను వెనకేసుకొచ్చిన ఆటగాడి యావరేజ్ ఎక్కువ. 180లు (ఒక వంతులో మూడు డార్ట్‌లూ ట్రిపుల్ 20లో, అంటే మూడు రెట్ల వలయంలో పడటం) కూడా అతనివే ఎక్కువ. ఆఖర్న లెక్కల పట్టిక వేశారు, ఒక్క వరుస తప్ప అన్నిట్లోనూ మనవాడే ముందు. ఆ ఒక్క వరుసలో 3-2 అని ఉంది, ఎదుటివాడి వైపు!

మా తమ్ముడు "లక్ అన్నయ్యా, పడుకో" అన్నాడు. నిజంగా లక్కేనా? లేక నాకు అర్థంకాని లెక్క ఏదైనా ఉందా?

అటకమీదబోర్డు:
డబుల్స్ మిస్ చేసుంటాడు బ్రదర్. దీనికింత పోస్ట్ అక్కర్లేదు.

సుద్దముక్క:
డబుల్స్ అన్నమాట నిజమే కానీ, అది సగమే.

రాత్రిపక్షి గారూ, నేను మా క్లబ్ మ్యాచ్‌లకి ఆరేళ్లుగా స్కోరు రాస్తున్నా. నా ఆట అంతంతమాత్రం, అందుకే సుద్దముక్క నా చేతికిచ్చి బోర్డు పక్కన నిలబెట్టారు. అక్కడ నిలబడి తీసివేతలు చేస్తూ ఉంటే యావరేజ్ మీద గౌరవం కొంచెం తగ్గుతుంది. ఎందుకో చెప్తాను.

యావరేజ్ అంటే కొట్టిన మొత్తం పాయింట్లని విసిరిన డార్ట్‌లతో భాగించి, మూడుతో గుణించడం. ఇప్పుడు ఒక లెగ్ (501 నుంచి సున్నా దాకా ఒక ఆట, వంతుకి మూడు డార్ట్‌లు) ఊహించుకోండి. ముందు విసిరేవాడు 15 డార్ట్‌ల్లో ముగించాడు. అతని యావరేజ్ 100.2. రెండోవాడు అప్పటికి విసిరింది 12 డార్ట్‌లే. 461 కొట్టేసి, 40 మిగుల్చుకుని, తన వంతు కోసం చూస్తున్నాడు. అతని యావరేజ్ 115.25. పదిహేను పాయింట్లు ఎక్కువ! లెగ్ మాత్రం పోయింది. మిస్ కావడానికి అతను డబుల్ వైపు ఒక్క డార్ట్ కూడా విసరలేదు. చేసిన పాపమల్లా రెండోవాడిగా మొదలుపెట్టడమే.

అందుకే ఎవరు ముందు విసురుతారన్నది పెద్ద విషయం. టెన్నిస్‌లో సర్వీస్ లాంటిదనుకోండి. తను ముందు విసిరే లెగ్ గెలిస్తే మామూలు. ఎదుటివాడు ముందు విసిరే లెగ్ గెలిస్తే దాన్ని బ్రేక్ అంటారు. మ్యాచ్‌కి ముందు ఇద్దరూ బుల్‌కి, అంటే బోర్డు నడిమధ్య చుక్కకి, విసురుతారు, దగ్గరగా పడినవాడిది మొదటి వంతు. చాలామంది దీన్ని పట్టించుకోరు.

సెట్‌లో ఎక్కువలో ఎక్కువ ఐదు లెగ్గులు, ముందు మూడు గెలిచినవాడిది సెట్. వంతులు మారుతుంటాయి కాబట్టి సెట్ మొదలుపెట్టినవాడు 1, 3, 5 లెగ్గుల్లో ముందు విసురుతాడు. సెట్లకి కూడా ఇదే పద్ధతి. అంటే బుల్ గెలిచినవాడు 1, 3, 5 సెట్లు మొదలుపెడతాడు. ఒక్క బ్రేక్ కూడా లేకుండా ఇద్దరూ తమ తమ లెగ్గులు నిలబెట్టుకుంటూ పోయారనుకోండి, బుల్ గెలిచినవాడే 3-2తో బయటపడతాడు. (టోర్నీ ముందుకెళ్లాక ఆఖరి సెట్‌లో రెండు లెగ్గుల తేడా అడుగుతారు. మొదటి రౌండులో అది లేదు.)

ఇక సెట్ల లెక్క. నేను మూడు సెట్లు 3-2, 3-2, 3-2తో గెలిచాను. మీరు రెండు సెట్లు 3-0, 3-0తో గెలిచారు. మ్యాచ్ నాది. మొత్తం లెగ్గులు కూడండి: నావి 9, మీవి 12. మీరు నన్ను చితక్కొట్టిన ఆ రెండు సెట్లలో మీ యావరేజ్ ఆకాశానికి వెళ్లింది, 180లన్నీ అక్కడే పడ్డాయి. కానీ 3-0తో గెలిచినా ఒక సెట్టే, 3-2తో గెలిచినా ఒక సెట్టే. మిగిలింది తర్వాతి సెట్‌కి రాదు.

మీ మ్యాచ్ రికార్డింగ్ ఇంకా ఉంటే కాగితం పెన్సిలు తీసుకుని లెగ్గులు లెక్కపెట్టండి. బ్రేకులు ఎక్కడొచ్చాయో గుర్తు పెట్టండి. దొంగ దొరుకుతాడు.

వింటర్‌గార్డెన్స్:
సుద్దముక్క గారు అంత చక్కగా లెక్క వేసి, అదేదో సహజం అన్నట్టు వదిలేశారు. 12 లెగ్గులు గెలిచినవాడు 9 గెలిచినవాడి చేతిలో ఓడిపోవడం ఆటేంటండీ? నా ఓటెప్పుడూ వరల్డ్ మ్యాచ్‌ప్లేకే. జూలైలో బ్లాక్‌పూల్ వింటర్ గార్డెన్స్‌లో జరుగుతుంది. సెట్లు లేవు, అన్నీ లెగ్గులే. మొదటి రౌండులో ముందు 10 గెలవాలి, ఫైనల్‌లో 18. పైగా రెండు లెగ్గుల తేడాతో గెలవాలి. కొట్టిన ప్రతి లెగ్గూ ఖాతాలో ఉంటుంది. బాగా ఆడినవాడే గెలుస్తాడు.

సుద్దముక్క:
ఖాతా బాగానే ఉంటుంది సార్. కానీ ఒకడు 9-2తో ముందుంటే మిగతా మ్యాచ్ చూడబుద్ధి కాదు. సెట్లలో అయితే 2-0తో వెనకబడినవాడికి కూడా కొత్త సెట్ సున్నా నుంచి మొదలవుతుంది. అర్ధరాత్రి టీవీ కట్టేయకపోవడానికి కారణం అదే. మీకు శిక్షలే కావాలంటే లెస్టర్‌లో జరిగే వరల్డ్ గ్రాండ్ ప్రి చూడండి. అక్కడ ముగించడానికే కాదు, మొదలుపెట్టడానికి కూడా డబుల్ కొట్టాలి. మహామహులు ఆరు డార్ట్‌లు విసిరినా 501 దగ్గరే నిలబడి ఉంటారు. స్కోరు రాసేవాడికి మాత్రం హాయి, తీసేయడానికేం ఉండదు.

రాత్రిపక్షి:
బాబోయ్, 9, 12 లెక్క చూసి మతిపోయింది. రేపే రికార్డింగ్ మళ్లీ చూస్తా. ఈలోగా ఇంకో సందేహం. ట్రిపుల్ 20లో మూడుకి మూడు కొట్టేవాళ్లు డబుల్ దగ్గరికొచ్చేసరికి ఎందుకు తడబడతారు? డబుల్ ఇంకా చిన్నదా?

అటకమీదబోర్డు:
టెన్షన్. 2026 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో విజేతకి 10 లక్షల పౌండ్లు. నాకైతే బోర్డే కనబడదు.

సుద్దముక్క:
డబుల్ చిన్నది కాదండీ, పెద్దది. రెండు వలయాల మందం ఒకటే, 8 మిల్లీమీటర్లు. కానీ డబుల్ బోర్డు అంచున ఉంటుంది కాబట్టి పొడుగు ఎక్కువ, 5 సెంటీమీటర్లు దాటుతుంది. ట్రిపుల్ 3 సెంటీమీటర్ల పైచిలుకే. నమ్మకపోతే స్కేలు పెట్టి చూడండి, నేను చూశాను.

తేడా ఎక్కడంటే, ట్రిపుల్ 20కి పైనా కిందా సింగిల్ 20 ఉంది. గురి తప్పినా ఎంతో కొంత వస్తుంది. పక్కకి పోతే 1, 5 ఉన్నాయి, అది వేరే బాధ. డబుల్‌కి అవతల ఏమీ లేదు. వెంట్రుకవాసి బయటికి పోతే సున్నా. పైగా ట్రిపుల్ 20కి విసిరినట్టు రోజూ వేల సార్లు ఒకే చోటికి విసరడం కుదరదు. ఈసారి డబుల్ 16, ఇంకోసారి డబుల్ 12, మరోసారి డబుల్ 7. చేతికి కొత్త, కంటికి కొత్త.

అందుకే చాలామంది 32 మిగుల్చుకోవాలని చూస్తారు. డబుల్ 16కి విసిరి లోపలికి జారి సింగిల్ 16 పడిందనుకోండి, 16 మిగులుతుంది, అంటే డబుల్ 8. అదీ జారితే డబుల్ 4, తర్వాత డబుల్ 2, తర్వాత డబుల్ 1. సగం సగం తగ్గుతూ పోతుంది. 40 అయితే 20, 10, ఆ తర్వాత 5, బేసి సంఖ్య! అక్కణ్నుంచి సింగిల్ 1 కొట్టి మళ్లీ 4కి రావాలి. ఇంగ్లండ్‌లో డబుల్ 1కి పిచ్చాసుపత్రి అని ముద్దుపేరు. ఒక రాత్రి నేను అందులో చేరి పదకొండు డార్ట్‌లు విసిరాను. ఎదుటాయన మధ్యలో కూర్చున్నాడు. స్కోరు రాస్తున్న కుర్రాడు జాలిపడి నావైపు చూడటం మానేశాడు.

మహామహుల సంగతి కావాలంటే 2023 జనవరి 3న జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ చూడండి. మైకేల్ వాన్ గెర్వెన్ రెండో సెట్‌లో ఎనిమిది డార్ట్‌లు లోపం లేకుండా వేశాడు. తొమ్మిదోది డబుల్ 12లో పడితే తొమ్మిది డార్ట్‌ల్లోనే 501 అయిపోయేది. తప్పింది. వెంటనే మైకేల్ స్మిత్ వచ్చి, అదే లెగ్‌లో, తన తొమ్మిదో డార్ట్‌ని డబుల్ 12లో దింపాడు. వాన్ గెర్వెన్ విసిరిన తొమ్మిదింట్లో ఎనిమిది బంగారం. ఆ లెగ్‌కి ఆయన ఖాతాలో పడింది సున్నా. మ్యాచ్ 7-4తో స్మిత్‌దే.

వింటర్‌గార్డెన్స్:
ఆ లెగ్ గురించి మాత్రం మీతో గొడవ లేదు. దాన్ని ఎన్నిసార్లు చూశానో నాకే తెలీదు.

రాత్రిపక్షి:
సుద్దముక్క గారూ, చూశాను. కాగితం పెన్సిలుతో కూర్చున్నా. తమ్ముడు నన్ను చూసి తల బాదుకున్నాడు.

సెట్లు ఇలా వచ్చాయి (ముందు గెలిచినవాడి లెగ్గులు): 3-2, 0-3, 3-1, 1-3, 3-2. కూడితే గెలిచినవాడికి 10, మనవాడికి 11! బుల్ గెలిచింది అవతలివాడే, ఐదో సెట్ ఐదో లెగ్‌లో ముందు విసిరిందీ అతనే. మీరు చెప్పేవరకూ ఇది గమనించనే లేదు. మొదటిసారి చూసినప్పుడు 180 పడగానే జనంతోపాటు నేనూ చేతులెత్తుతూ కూర్చున్నా.

ఇంకోటి దొరికింది. ఆ ఆఖరి లెగ్‌లో మనవాడికి బ్రేక్ చేసే అవకాశం వచ్చింది! 32 మిగిలింది, చేతిలో మూడు డార్ట్‌లు. మొదటిది సింగిల్ 16. రెండోది సింగిల్ 8. అచ్చం మీరు చెప్పినట్టే సగం, సగం. మూడోది డబుల్ 4 తీగకి అటువైపు. అవతలివాడికి 81 ఉంది. ట్రిపుల్ 19, డబుల్ 12. మూడో డార్ట్ చేతిలోనే మిగిలిపోయింది.

ఒక్కటి మాత్రం మీ లెక్కలో లేదు. మనవాడు ఆ 32కి సిద్ధమవుతుంటే అతని మెడ దగ్గర ఏదో ఎగిరింది. వెనక్కి తిప్పి చూస్తే కందిరీగ! చలికాలంలో, లండన్‌లో!

సుద్దముక్క:
అది అక్కడ పాత కాపు. చాలా ఏళ్లుగా ఆ స్టేజీ మీద కనబడుతూనే ఉంది, ఆటగాళ్ల చొక్కాల మీద వాలుతుంది, వీళ్లు డార్ట్ పట్టుకుని విదిలించుకుంటూ ఉంటారు. స్కోరు కార్డులో దానికి గడి లేదు. మా క్లబ్‌లో అయితే దోమల పేరు చెప్తారు, అదీ రాయను.