6 అడుగుల చేపల ట్యాంక్‌కి రాతి గోడ బ్యాక్‌గ్రౌండ్ సొంతంగా చేసినవాళ్ళున్నారా?

మలావీ_మామ: 6x2x2 ట్యాంక్ కట్టించా, మలావీ సిక్లిడ్‌లు (ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపలు) వేద్దామని. వెనక అద్దానికి ఆ నీలం స్టిక్కర్ అంటే చిరాకు, రాతి గోడలా ఉబ్బెత్తుగా కావాలి. రెడీమేడ్ అడిగితే ట్యాంక్ కన్నా ఎక్కువ చెప్తున్నారు. థర్మోకోల్ మీద సిమెంట్ పూసి చేస్తారంటగా, సిమెంట్‌కి చేపలు చస్తాయని మావాడొకడు భయపెడుతున్నాడు, నిజమేనా?

రాతిచెక్క: సిమెంట్ సంగతి తర్వాత అన్నా, ముందు ఆ థర్మోకోల్ గోడ నీళ్ళలో తేలకుండా చూస్కో. 6 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు, 2 అంగుళాల మందం అంటే 56 లీటర్లు దాకా అవుతుంది, నీళ్ళు నిండాక దాదాపు అన్ని కిలోల బలంతో పైకి తంతుంది, థర్మోకోల్ బరువు చూస్తే కిలో అటూ ఇటూ, సిమెంట్ పూత బరువు తీసేసినా ఇంకా బోలెడు మిగుల్తుంది. ఊడి లేచిందంటే ఇసక, రాళ్ళు అన్నీ తోడి బయట పోసుకోవాల్సిందే. ఖాళీ ట్యాంక్‌లో, స్పిరిట్‌తో తుడిచిన పొడి అద్దం మీద సిలికాన్‌తో అంటించు, అంచులకే కాదు మధ్యలో కూడా దండిగా. వెనిగర్ వాసనొచ్చే మామూలు సిలికాన్ చాలు, ఫంగస్ పట్టదని రాసుండే బాత్రూమ్ రకం మాత్రం ముట్టుకోకు. వాసన పోయేదాకా నీళ్ళు పోయొద్దు.

గోదారి_గట్టు: +1. ఇంకోటి, పైన అడ్డంగా బ్రేసింగ్ గాజు పట్టీ ఉంటుంది కదా, ఒకే ముక్కగా చేస్తే లోపలికి దిగదు. మూడు ముక్కలు చేస్కో, కోత తిన్నగా కాకుండా రాతి పగులులా వంకరటింకరగా కొయ్యి, అతుకు కనపడదు. చెక్కడానికి బ్లేడు, వైర్ బ్రష్, ఆఖర్న హీట్ గన్‌తో పైపైన తగిలిస్తే గరుకు పోయి రాయిలా గట్టిపడుతుంది, ఆ పొగ పీల్చకు, డాబా మీద చెయ్యి. థిన్నర్ కలిసిన స్ప్రే పెయింట్ కొట్టావో థర్మోకోల్ కరిగి గుంటలు పడుద్ది.

ఆక్వా_అక్క: సిమెంట్ విషం కాదు తమ్ముడూ, అందులో సున్నం నీళ్ళలోకి దిగి పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం కొలత) పైకి పోతుంది, అదే గొడవ. మొదటి పూత దోసెల పిండిలా పల్చగా, ప్రతి మూలకీ బ్రష్‌తో దూర్చి, ఆ పైన కొంచెం చిక్కగా రెండు మూడు పూతలు. ఇంటి గోడకి కొట్టినట్టే నీళ్ళు కొట్టాలి, ఎండకి ఆరనిస్తే పెచ్చులూడుతుంది. రంగుకి ఫ్లోరింగ్‌కి వాడే ఆక్సైడ్ పొడి ఆఖరి పూతలో కలిపెయ్, పగుళ్ళలో నలుపు, పైన బూడిద రంగు తేలిగ్గా. తర్వాత ట్యాంక్ నింపి, నీళ్ళు మారుస్తూ టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉండు, పీహెచ్ పెరగడం ఆగాకే చేపలు. మలావీ సరస్సు నీళ్ళే 7.8 పైన ఉంటాయి కాబట్టి నీకు కాస్త ఎక్కువున్నా నడుస్తుంది, తక్కువ పీహెచ్ నీళ్ళు కావాల్సిన డిస్కస్ చేపలు పెంచేవాళ్ళయితే నేను వద్దనే అంటా.

డల్లాస్_చేపలోడు: ఇక్కడ చాలామంది సిమెంట్ బదులు డ్రైలాక్ అనే బేస్‌మెంట్ గోడల వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేస్తారు, పీహెచ్ తలనొప్పి తక్కువ. కానీ సిమెంట్ మీద పట్టినంత సహజంగా నాచు దేనిమీదా పట్టదని నా ఫీలింగ్, ఎంబూనాలు (రాళ్ళ దగ్గర ఉండే మలావీ సిక్లిడ్‌లు) రోజంతా దాన్నే గీరుకుని తింటుంటే చూడాలి.

మలావీ_మామ: సూపర్ అండీ అందరూ. ఫిల్టర్ పైపులు దాని వెనక దాచెయ్యొచ్చా?

ఆక్వా_అక్క: దాచొచ్చు, ఓ మూల ఖాళీ వదిలి. కానీ పిల్ల చేపలు ఎంత సందున్నా దూరతాయి, వెనకే చచ్చి కుళ్ళితే వాసనొచ్చేదాకా తెలీదు. పైనా కిందా ప్లాస్టిక్ జాలీ అంటించి, ఫిల్టర్ నీళ్ళు అటునించే లాగేలా పెట్టు, అప్పుడు వెనక నీళ్ళు నిలవుండవు.

రాతిచెక్క: జాలీ ఊడదీసి కడిగేలా పెట్టుకో, సిలికాన్‌తో శాశ్వతంగా మూసెయ్యకు.

మలావీ_మామ: సరే. పెద్ద సక్కర్ ఫిష్ ఒకటుంది, అది థర్మోకోల్ గీకేస్తుందా?

గోదారి_గట్టు: పూత పల్చగా ఉన్న చోట గీకుద్ది బాబూ, తెల్ల గుండ్లు పైకి తేల్తాయి. కింద అర అడుగు వరకూ ఇంకో పూత ఎక్కువెయ్.